బడి సంచితో పాటు ఇంటికి వచ్చేవి – ఒకటి నుండి ఐదో తరగతి పిల్లల తల్లిదండ్రులకు

ప్రతి సంవత్సరం మన రెండు రాష్ట్రాల్లోను బడులు సాధారణంగా జూన్ 12వ తేదీన తెరుస్తారు. సరిగ్గా రెండు వారాలు తిరిగేసరికి మా పిల్లల ఓ.పి. ముందున్న బెంచీలు చాలవు. కొత్త యూనిఫారం మడతలు కూడా పోని పిల్లలు ముక్కులు తుడుచుకుంటూ వరసగా కూర్చుంటారు. తల్లులు చెప్పే మాట ఒక్కటే: "సిస్టరమ్మా, ఎండాకాలమంతా శుభ్రంగా ఉన్నాడు. బడికి పంపిన కాడి నుండి ఒకటే ముక్కు, ఒకటే దగ్గు. మావాడికి ఆ బడి గాలి పడడం లేదేమో."

బడి గాలి పడకపోవడం కాదు. నలభై మంది పిల్లలు ఒక గదిలో కూర్చుంటే ఒకరి జలుబు ఇంకొకరికి అంటుకుంటుంది. చిన్న తరగతుల బిడ్డకు ఏడాదికి ఆరు నుండి ఎనిమిది సార్లు జలుబు చేయడం సహజం. బడిలో చేరిన మొదటి సంవత్సరం ఇంకొంచెం ఎక్కువగానే ఉంటుంది. ఒక్కొక్క జలుబు వారం, పది రోజులు ఉంటుంది. దగ్గు రెండు మూడు వారాల వరకు సాగవచ్చు. ముక్కు పచ్చగా కారినంత మాత్రాన యాంటీబయాటిక్ అవసరం లేదు. "సూది వేస్తేనే తగ్గుతుంది సిస్టరమ్మా" అని పట్టుబట్టే తాతయ్యలు మాకు రోజుకు ఇద్దరైనా తగులుతారు. వారి ప్రేమను మేము కాదనము గాని, జలుబుకు సూది మందు లేదు. గోరువెచ్చని నీళ్లు, బాగా తినిపించడం, జ్వరముంటే బిడ్డ బరువును బట్టి పారాసెటమాల్ – ఇంతే. పిల్లల జ్వరానికి ఆస్పిరిన్ బిళ్ల ఎన్నడూ ఇవ్వరాదు.

అయితే ఆలస్యం చేయకూడనివి కూడా ఉన్నాయి. పడుకుని ఉన్న బిడ్డ ఊపిరి నిమిషానికి 30 సార్లకు మించి ఆడుతున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, నీళ్లు కూడా తాగలేకపోతున్నా, జ్వరం మూడు రోజులు దాటినా వెంటనే తీసుకురండి. వానాకాలంలో డెంగీ జ్వరం విషయంలో ఒక మాట గుర్తుంచుకోవాలి. జ్వరం తగ్గిందని మనం ఊపిరి పీల్చుకునే రోజునే ప్రమాదం మొదలు కావచ్చు. జ్వరం తగ్గిన తరువాత బిడ్డ కడుపు నొప్పి అంటున్నా, ఆగకుండా వాంతులు చేసుకుంటున్నా, కాళ్లు చేతులు చల్లబడుతున్నా ఇంట్లో ఉంచుకోవద్దు.

గొంతు నొప్పి గురించి కూడా చెప్పాలి. జలుబు, దగ్గు లేకుండా కేవలం గొంతు నొప్పి, జ్వరం వచ్చి, మింగలేక ఏడ్చే బిడ్డను తేలికగా తీసుకోకండి. కొన్ని రకాల గొంతు నొప్పిని సరిగా నయం చేయకపోతే రెండు మూడు వారాల తరువాత కీళ్ల వాపులు వస్తాయి. ఇవాళ మోకాలు, ఎల్లుండి మోచెయ్యి, ఇలా కీలు మారుతూ ఉంటాయి. దీనిని రుమాటిక్ జ్వరం అంటారు. 5 నుండి 15 ఏళ్ల లోపు పిల్లలకే ఎక్కువగా వస్తుంది. కీళ్ల నొప్పి తగ్గిపోతుంది గాని గుండె కవాటాలు చెడిపోవచ్చు. మా వార్డులో మూడు వారాలకొకసారి పెన్సిలిన్ ఇంజక్షన్ కోసం వచ్చే ఆడపిల్లలు, మగపిల్లలు ఉన్నారు. వాళ్లలో ఎక్కువ మంది తల్లులకు ఆ మొదటి గొంతు నొప్పి గుర్తే లేదు.

మేము చేసిన పొరపాటు ఒకటి

కొన్ని సంవత్సరాల క్రితం మూడో తరగతి చదివే ఒక పాపను తల్లి కడుపు నొప్పి అని తీసుకువచ్చింది. ప్రతి ఉదయం బడికి బయలుదేరే వేళకు నొప్పి. ఆదివారం మాత్రం ఉండదు. మొదటిసారి వచ్చినప్పుడు సిరప్ రాసిచ్చి పంపారు. రెండోసారి నులిపురుగుల మందు ఇచ్చారు. మూడోసారి వచ్చినప్పుడు, నిజం ఒప్పుకోవాలి, మాలో కొందరం "బడి ఎగ్గొట్టడానికి నాటకం" అని నవ్వుకున్నాము కూడా.

ఆ రోజు పాపను బల్ల మీద పడుకోబెట్టి డాక్టరు గారి కోసం చూస్తుండగా, మా వార్డులో పాతికేళ్లుగా పనిచేస్తున్న ఆయా వచ్చి పాప చెవిలో ఏదో అడిగింది. పాప తల అడ్డంగా ఊపింది. ఆయా అడిగింది ఇదీ: "బడిలో ఒంటికి, రెంటికి పోతావా తల్లీ?" పాప పోదు. బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపుకు గడియ ఊడిపోయింది. మగపిల్లలు తలుపు నెట్టి నవ్వుతారు. అందుకని ఆ పాప ఉదయం ఎనిమిదిన్నరకు ఇంట్లో బయలుదేరితే సాయంత్రం నాలుగున్నరకు ఇంటికి చేరేదాకా నీళ్లు తాగడమే మానేసింది. దాహమైనా తాగదు, తాగితే పోవలసి వస్తుందని. పరీక్ష చేస్తే కడుపులో మలం గట్టిపడి ఉంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ కూడా ఉంది. నాటకం కాదు.

మేము ఆ పాపను మూడుసార్లు "ఏం తిన్నావు?" అని అడిగామే గాని "పోయావా?" అని ఒక్కసారి కూడా అడగలేదు. చదువుకున్న మాకంటే చదువుకోని ఆయాకే ఆ ప్రశ్న తట్టింది. అప్పటి నుండి మా ఓ.పి.లో కడుపు నొప్పితో వచ్చిన ప్రతి బడి బిడ్డనూ అడిగే మొదటి ప్రశ్న అదే.

తరువాత జరిగింది కూడా చెబుతాము. పాప తల్లి ఒక్కతే పోతే బడిలో ఏమంటారోనని వీధిలోని మరో నలుగురు తల్లులను వెంటబెట్టుకుని హెడ్మాస్టరు గారి దగ్గరకు వెళ్లింది. తక్కిన తల్లులు తమ పిల్లలను అడిగి చూస్తే వారిదీ అదే కథ. రెండు రోజుల్లో గడియ బిగించారు. దానికయిన ఖర్చు మేము రాసిచ్చిన మందుల ఖర్చులో పదోవంతు కూడా ఉండదు. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం ప్రతి బడిలోను ఆడపిల్లలకు, మగపిల్లలకు వేరువేరు మరుగుదొడ్లు, మంచినీరు ఉండి తీరాలి. ప్రభుత్వ బడుల్లో తల్లిదండ్రుల కమిటీ కూడా ఉండాలి. గనుక అడగడానికి మొహమాటపడవలసిన పని లేదు. ప్రైవేటు బడికి ఫీజు కట్టినవారూ ఒకసారి లోపలికి వెళ్లి ఆ గదులు చూసి రండి. రంగుల గోడలు చూసి మురిసిపోయి ఇటువైపు చూడనివారే ఎక్కువ.

సాయంత్రం బిడ్డ ఇంటికి రాగానే నీళ్ల సీసా పట్టి చూడండి. పొద్దున పంపినట్టే నిండుగా తిరిగి వస్తే ఎందుకో అడగండి. మూత్రం ముదురు పసుపు రంగులో ఉన్నా, పోసేటప్పుడు మంట అన్నా మాకు చూపించండి.

కళ్లు, చెవులు, ఆ తరువాతే చదువు

ఒకటో తరగతి బిడ్డ అక్షరాలు తారుమారుగా రాస్తే కంగారు పడకండి. మన తెలుగులో ప, ఫ, ష, వ ఒకదానిని పోలి ఒకటి ఉంటాయి. మ, య కూడా అంతే. ఆరేడేళ్ల బిడ్డ వాటిని కలగాపులగం చేయడం, ఇంగ్లీషు అక్షరాలు అద్దంలో చూసినట్టు తిప్పి రాయడం మామూలే. రెండో తరగతి పూర్తయ్యేసరికి చిన్న చిన్న మాటలు కూడబలుక్కుని చదవగలగాలి. మూడు, నాలుగు తరగతుల్లో చదివినదానికి అర్థం చెప్పగలగాలి. ఇది అందరికీ ఒకే రోజున రాదు. 2024లో దేశంలోని పల్లెటూళ్లలో జరిపిన ఏసర్ సర్వేలో ఐదో తరగతి పిల్లల్లో సగం మంది కూడా రెండో తరగతి పాఠం చదవలేకపోయారు. కాబట్టి మీ బిడ్డ వెనుకబడితే అది మీ ఇంటికి మాత్రమే వచ్చిన అవమానం కాదు. అయినా వదిలేయడానికి కూడా లేదు. ట్యూషన్ పెట్టించే ముందు, బెత్తం తీసే ముందు, రెండు పరీక్షలు చేయించమని మేము కోరుతున్నాము. ఒకటి కళ్లు, రెండోది చెవులు.

నాలుగో తరగతి అబ్బాయి ఒకడు ఉన్నట్టుండి మార్కులు తగ్గిపోయి తండ్రి చేత దెబ్బలు తిన్నాడు. చెంప వాచిందని మా దగ్గరకు తీసుకువచ్చారు. అడిగితే తెలిసిందేమంటే, ఆ సంవత్సరం పొడుగు పెరిగాడని టీచరు వెనుక బెంచీకి మార్చారు. అక్కడి నుండి బోర్డు కనిపించడం లేదు. పక్కవాడి పుస్తకంలో చూసి రాస్తుంటే కాపీ కొడుతున్నాడని మరో రెండు దెబ్బలు. కళ్లద్దాలు పెట్టిన రోజున ఆ అబ్బాయి మా వరండాలో నిలబడి వేపచెట్టు వైపు చూసి "ఆకులు విడివిడిగా ఉన్నాయి" అన్నాడు. తండ్రి మాట్లాడలేదు. ఆయన తల దించుకుని గేటు దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చి, ఆ అద్దాలు పగిలితే ఇంకో జత ఎక్కడ దొరుకుతుందని అడిగాడు.

ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. పది అడుగుల దూరాన గోడ క్యాలెండరు తగిలించి, ఒక కన్ను అరచేతితో మూయించి తేదీలు చదివించండి. తరువాత రెండో కన్ను. ఒక కంటితో చదివి ఇంకో కంటితో తడబడితే తప్పకుండా చూపించాలి. ఒక కంటి చూపు మందగించిన సంగతి బిడ్డకు తెలియదు, రెండో కన్ను సర్దుకుపోతుంది. ఏడెనిమిదేళ్ల లోపు పట్టుకుంటే బాగు చేయడం సులువు. టీవీ దగ్గరకు జరిగి కూర్చోవడం, పుస్తకం ముక్కుకు ఆనించుకోవడం, కళ్లు చికిలించి చూడడం, తరచు తలనొప్పి అనడం – ఇవన్నీ గుర్తులే. రోజుకు రెండు గంటలైనా పగటి వెలుతురులో ఆరుబయట ఆడుకునే పిల్లలకు దూరపు చూపు తగ్గడం తక్కువని తేలింది. సెల్ ఫోను పట్టుకుని మూల కూర్చున్న బిడ్డను చూసి "అల్లరి చేయడం లేదు" అని సంతోషించకండి.

చెవి విషయానికి వస్తే, చీము కారుతున్న చెవిలో కాచిన నూనె పోయడం మన ఇళ్లలో ఇప్పటికీ ఉంది. దయచేసి మానండి. చీము ఎక్కువ కాలం కారితే వినికిడి తగ్గుతుంది. పిలిస్తే పలకని బిడ్డను "పొగరు" అనే ముందు చెవి చూపించండి. 2013 నుండి ప్రభుత్వ రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు బడులకు, అంగన్వాడీలకు వచ్చి పిల్లలను చూస్తున్నాయి. వారు చీటీ రాసిస్తే సంచి అడుగున పడేయకుండా దానిపై చెప్పిన చోటికి తీసుకువెళ్లండి.

"సార్, ఒంటికి" అని పదిసార్లు అడిగిన పిల్లవాడు

ఈ సంగతి రాయాలా వద్దా అని చాలాసార్లు ఆలోచించాము. ఆ కుటుంబం మా దగ్గరికే వస్తూ ఉంటుంది. వారే రాయమన్నారు.

రెండో తరగతి అబ్బాయి. దీపావళి ముందు నుండి క్లాసులో అస్తమానం ఒంటికి వెళ్తానని అడుగుతున్నాడని బడి నుండి ఫిర్యాదు వచ్చింది. ఇంట్లో చూస్తే రాత్రి పక్క తడుపుతున్నాడు. మూడేళ్లకే మానిన అలవాటు అది. తల్లి రాత్రి పూట నీళ్లు ఇవ్వడం మానేసింది. వాడు లేచి బిందెలో నీళ్లు ముంచుకుని తాగేవాడు. చొక్కా వదులైంది. "బడికి పోతున్నాడు గదా, ఆటల్లో చిక్కిపోయాడు" అన్నది నాయనమ్మ. ఒకనాడు కడుపు నొప్పి, వాంతులు. దగ్గరలో చూపిస్తే నీరసం అని గ్లూకోజు బాటిలు ఎక్కించారట. మర్నాటికి ఆయాసం, మగత. మా దగ్గరకు వచ్చేసరికి ఊపిరి నుండి మగ్గిన పండు వాసన వస్తోంది. వేలి చివర రక్తం చుక్క తీసి చూస్తే చక్కెర 500 దాటింది.

చిన్నపిల్లలకు కూడా చక్కెర వ్యాధి వస్తుంది. అది మిఠాయిలు తినడం వలన రాదు, తల్లి పెంపకం వలన రాదు. శరీరంలో ఇన్సులిన్ తయారు కావడం ఆగిపోవడం వలన వస్తుంది. దీనికి మాత్రలు, కషాయాలు పనిచేయవు, ఇన్సులిన్ ఇంజక్షనే మార్గం. ఆ అబ్బాయి మూడు రోజులు ప్రాణాపాయ స్థితిలో ఉన్నాడు. బ్రతికాడు. ఇప్పుడు నాలుగో తరగతి, మా పిల్లల వార్డుకు వస్తే కొత్త సిస్టర్లకు ఇన్సులిన్ సీసా ఎలా పట్టుకోవాలో వాడే చూపిస్తాడు. సంచిలో ఎప్పుడూ గ్లూకోజు పొడి ఉంటుంది. చక్కెర పడిపోతే చెమటలు, వణుకు వస్తాయని, వెంటనే తీపి ఇవ్వాలని టీచరుకు వాళ్ల అమ్మ వెళ్లి చెప్పి వచ్చింది.

ఎక్కువ మూత్రం, ఎక్కువ దాహం, తింటున్నా బరువు తగ్గడం – ఈ మూడు కలిసి కనిపిస్తే ఆ రోజే వేలి రక్తం పరీక్ష చేయించండి. ఒక్క నిమిషం పని. టీచర్లు ఎవరైనా ఇది చదువుతుంటే మీకూ మా మనవి ఒకటి: పదేపదే ఒంటికి అడిగే బిడ్డను కూర్చోమని గద్దించే ముందు తల్లికి ఒక్క కబురు పంపండి.

తిండి, నిద్ర, పళ్లు, సంచి

ఐదు నుండి పదేళ్ల మధ్య బిడ్డ సంవత్సరానికి సుమారు 2 నుండి 3 కిలోల బరువు, 5 నుండి 6 సెంటీమీటర్ల ఎత్తు పెరుగుతాడు. పుట్టినరోజు నాడు గుమ్మానికి ఆనించి నిలబెట్టి పెన్సిలుతో గీత గీయండి. రెండు గీతలు దగ్గర దగ్గరగా ఉంటే మాకు చెప్పండి. పక్కింటి పిల్లవాడితో పోల్చడం కంటే ఇది మేలు.

బడిలో మధ్యాహ్న భోజనం ప్రాథమిక తరగతుల బిడ్డకు 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు ఇచ్చేలా నిర్ణయించారు. మన రాష్ట్రాల్లో గుడ్డు కూడా పెడుతున్నారు. అయితే అది ఒక పూట భోజనమే. పొద్దున ఏమీ తినకుండా పంపితే పదకొండు గంటలకే బిడ్డ కళ్లు వాలిపోతాయి. టిఫిను చేసే తీరిక లేకపోతే రాత్రి అన్నంలో పెరుగు కలిపి పెట్టినా చాలు. మిరప కోతలకు తల్లిదండ్రులు వలస పోయిన ఇళ్లలో పిల్లలు అవ్వల దగ్గర ఉంటారు. అవ్వ పది రూపాయలు చేతిలో పెడితే వాడు కుర్కురే పొట్లం కొనుక్కుంటాడు. ఆ పది రూపాయలతో రెండు అరటిపండ్లో, గుప్పెడు వేరుశనగలో, ఒక బెల్లం ముక్కో వస్తుందని అవ్వలకు చెప్పండి.

రక్తం తక్కువగా ఉన్న బిడ్డ పాఠం మీద మనసు పెట్టలేడు. బడిలో 5 నుండి 9 ఏళ్ల పిల్లలకు వారానికొకసారి గులాబీ రంగు ఐరన్ మాత్ర, పదేళ్లు నిండినవారికి నీలం రంగు మాత్ర ఇస్తారు. మలం నల్లగా వస్తే భయపడవద్దు, అది ఐరన్ వలననే. పరగడుపున మాత్రం వేయకూడదు. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీలు నులిపురుగుల నివారణ దినాలు. ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్రను చప్పరించి, నమిలి మింగించాలి. ఆ రోజు బిడ్డ జ్వరంతో ఉంటే తరువాత వారంలో మిగిలినవారికి ఇచ్చేటప్పుడు అడిగి ఇప్పించండి.

ఆరేళ్ల వయసులో పాల పళ్ల వరుసకు వెనుక, ఏ పన్నూ ఊడకుండానే ఒక పెద్ద దవడ పన్ను మొలుస్తుంది. ఎన్నిసార్లు చెప్పినా తల్లులు నమ్మరు గాని అది పాల పన్ను కాదు, జీవితాంతం ఉండవలసిన పన్ను. "ఎలాగూ ఊడిపోయేదే గదా" అని పుచ్చిపోనిస్తే మళ్లీ రాదు. రాత్రి పడుకునే ముందు బ్రష్ చేయించడం ఉదయం చేయించడం కంటే ముఖ్యం.

నిద్ర కనీసం తొమ్మిది గంటలు ఉండాలి. ఇంట్లో పెద్దలు పదకొండింటి దాకా సీరియళ్లు చూస్తూ బిడ్డను తొమ్మిదింటికి పడుకోమంటే ఎలా పడుకుంటాడు?

సంచి బరువు బిడ్డ బరువులో పదోవంతు మించరాదని 2020లో కేంద్రం విధానం ప్రకటించింది. ఒకటి, రెండు తరగతులకు 1.6 నుండి 2.2 కిలోలు, మూడు నుండి ఐదు తరగతులకు 1.7 నుండి 2.5 కిలోలు. కిరాణా కొట్టులో త్రాసు మీద పెట్టి చూడండి, ఆశ్చర్యపోతారు.

బిడ్డ దాచే సంగతులు

కుక్క కరిచిన సంగతి పిల్లలు దాస్తారు. "దాని జోలికి ఎందుకు పోయావు?" అని కొడతారని భయం. చిన్న గీత అయినా, రక్తం రాకపోయినా, కుక్కపిల్ల అయినా, పెంపుడు కుక్క అయినా సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాల పాటు కడిగి ఆ రోజే టీకాకు రావాలి. పసుపు, కారం, సున్నం పూయవద్దు. టీకా ఎన్ని రోజులు వేయించుకోవాలో చీటీ మీద రాసిస్తారు. గాయం మానిందని మధ్యలో మానవద్దు. గాయం లోతుగా ఉంటే టీకాతో పాటు గాయం చుట్టూ ఇంకొక మందు కూడా ఇస్తారు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మా దగ్గరే కాదు, ఎక్కడా వైద్యం లేదు. ఈ కారణం చేతనైనా "ఏం జరిగినా అమ్మకు చెబితే కొట్టదు" అన్న నమ్మకం బిడ్డకు ఉండాలి.

రెండోది, బడికి పోననే మొండితనం. ఒకటో తరగతిలో మొదటి రెండు మూడు వారాలు ఏడవడం సహజం. కాని చక్కగా పోతున్న బిడ్డ ఒక్కసారిగా మానేస్తే, మళ్లీ పక్క తడపడం మొదలుపెడితే, ఫలానా ఆటో ఎక్కనని, ఫలానా ట్యూషన్‌కు పోనని ఏడిస్తే కారణం ఉంటుంది. తోటి పిల్లల వేధింపు కావచ్చు, టీచరు దెబ్బలు కావచ్చు, పెద్దవారెవరైనా తాకకూడని చోట తాకడం కావచ్చు. బడిలో పిల్లలను కొట్టడాన్ని విద్యా హక్కు చట్టం నిషేధించింది. తాకడం వంటివాటికి 2012 నుండి పోక్సో చట్టం ఉంది. 1098కి ఫోను చేయవచ్చు. "పరువు పోతుంది" అని దాచిన కుటుంబాలను మేము చూశాము. ఆ పరువు బరువంతా ఆ బిడ్డే మోసింది. మా దగ్గరకు వస్తే ఒక సిస్టరు విడిగా కూర్చుని బిడ్డతో మాట్లాడుతుంది.

తలలో పేల సంగతి కూడా దాస్తారు గాని అది సిగ్గుపడవలసినది కాదు. పేలు శుభ్రమైన తలకూ పడతాయి. ఇంట్లో అందరికీ ఒకే రోజు మందు పెట్టి, చిక్కటి దువ్వెనతో దువ్వితే పోతాయి. గుండు కొట్టించనక్కరలేదు.

ఆటలమ్మ పోస్తే బిడ్డకు స్నానం, ఉప్పు, కూర మాన్పించే అలవాటు ఇంకా ఉంది. స్నానం చేయించండి, అన్నీ తినిపించండి, గోళ్లు కత్తిరించండి. పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టే వరకు బడికి పంపకండి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆమెను దూరంగా ఉంచి వెంటనే డాక్టరుకు చెప్పండి.

మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలవుతాయి. మిట్టమధ్యాహ్నం ఎండలో ఇంటికి వస్తారు. తల మీద టోపీయో తుండుగుడ్డో, చేతిలో నీళ్లో ఉండాలి. ఇంటికి రాగానే మజ్జిగ ఇవ్వండి. తల్లిదండ్రులు పనిలో ఉండే ఆ మధ్యాహ్నాలలోనే పిల్లలు కాలువలకు, చెరువులకు, బావులకు ఈతకు పోతారు. మా క్యాజువాలిటీకి ఆ వేళలో తడి బట్టలతో ఎత్తుకొచ్చిన పిల్లలందరినీ మేము బ్రతికించలేకపోయాము. మధ్యాహ్నం మీ బిడ్డ ఎవరి కంటి ముందు ఉంటాడో మార్చి 15 లోపే ఇంట్లో మాట్లాడుకోండి. పక్కింటి మామ్మ గారికి అప్పగించినా సరే.

ఏప్రిల్ చివర సెలవులు ఇచ్చాక, రద్దీ తగ్గిన రోజు చూసుకుని టీకాల కార్డు పట్టుకుని ఒకసారి రండి. ఐదారేళ్ల బిడ్డకు డీపీటీ రెండో బూస్టరు, పదేళ్ల బిడ్డకు టీడీ టీకా వేయించాలి. పూర్వం ఈ వయసులో వేసిన టీటీ స్థానంలో ఇప్పుడు టీడీ వేస్తున్నారు. ఇది ధనుర్వాతంతో పాటు కంఠసర్పి రాకుండా కూడా కాపాడుతుంది. బరువు, ఎత్తు, కళ్లు, పళ్లు అదే రోజు చూస్తాము. కార్డు పోయిందని రావడం మానకండి. మా రిజిస్టరులో వెతుకుతాము, దొరకకపోతే కొత్త కార్డు రాసిస్తాము.